మబ్బులో లెక్క

బూట్ల అడుగు బ్రష్షుతో రుద్దుకుని,
మందునీళ్ళలో ముంచుకుంటే గానీ
డయానా శిఖరం ఎక్కనివ్వరు మమ్మల్ని.
కింద ఊళ్ళో మట్టి, పైన అడవికి జబ్బు.
సెయింట్ హెలెనా మొత్తం కలిపి అరచేయంత,
ఈ అడవి ఆ అరచేతిలో పుట్టుమచ్చ.
పటంలో దీవి దొరకాలంటే
అట్లాంటిక్ మీద వేలు పెట్టి వెతకాలి.
దొరికాక ఆ వేలే దాన్ని కప్పేస్తుంది.

పైన మాత్రం, ఎవరో ఉతికి
పిండకుండా ఆరేసినట్టు, మబ్బు.
అందులో నిలబడి ఉంటాయి మా ఫెర్న్ చెట్లు,
ఈ కొండ మీద తప్ప ఇంకే నేల మీదా
తమంతట తాము మొలవనివి.
నల్లటి తడి మాను, మెడ నిండా నూగు,
నెత్తిన ఆకుల గొడుగు. గొడుగు అన్నాను గానీ
అది వాన ఆపడానికి కాదు, పట్టడానికి.
మబ్బు ఆకుకి తగిలి బొట్టవుతుంది,
ఈనె వెంట జారి, నాచులో ఇంకి,
ఎన్నాళ్ళకో కింద లోయలో కొళాయి తిప్పితే
మా అమ్మమ్మ కెటిల్‌లోకి వస్తుంది.

పువ్వు లేదు దీనికి. కాయ లేదు. తేనెటీగతో మాటల్లేవు.
ఆకు అడుగున గోధుమరంగు పొడి, అంతే.
గాలికి ఇచ్చేసి ఊరుకుంటుంది.
కొత్త ఆకు మాత్రం
పురిటిబిడ్డ పిడికిలిలా వస్తుంది,
ఏదో దాచుకున్నట్టు. విప్పాక చూస్తే
లోపల ఇంకా చిన్న పిడికిళ్ళు.

సెల్విన్ ఒకసారి చూపించాడు.
నేలకొరిగిన ఫెర్న్, పడ్డచోటే మోచేతి మీద ఆనుకుని
తల మళ్ళీ పైకెత్తింది.
దాని వీపు మీద నల్ల క్యాబేజీ చెట్టు పిల్ల, చిటికెనవేలంత.
ఈ అడవిలో పిల్లలు చాలామంది
ఇలా ఎవరో ఒకరి చంకనెక్కే పెరుగుతారు.

చుట్టూ మిగతా కొండంతా ఫ్లాక్స్.
కత్తుల్లాంటి ఆకులు, వేలికి తగిలితే రక్తం.
అడవిని నరికి నాటారు దాన్ని.
నాటినవాళ్ళలో అమ్మమ్మ ఎథెలిన్ నాన్న ఒకడు.
తను పదిహేనేళ్ళకే మిల్లులో చేరింది,
నార దువ్వింది, తాడు పేనింది.
ఆ తాడుతో లండన్‌లో ఉత్తరాల కట్టలు కట్టేవాళ్ళట.
"మనకి రాసేవాళ్ళెవరూ లేరు గానీ
వాళ్ళ ఉత్తరాలన్నీ మన ముడితోనే వెళ్ళేవి."
తర్వాత పోస్టాఫీసు నైలాన్‌కి మారింది.
మిల్లు మూతపడింది.
ఫ్లాక్స్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు దాన్ని పీకడమే నా ఉద్యోగం.
గునపం వేసినప్పుడల్లా
అమ్మమ్మ సంపాదించిన నాలుగు రాళ్ళూ
ఖణేల్మని తగిలినట్టుంటుంది.
"పీకు, పీకు" అంటుంది టీ వడపోస్తూ,
"మీ అమ్మ మొదటి బూట్లు కూడా దాంట్లోనే ఉంటాయి,
చూసి పీకు."
అటు తిరిగి ఉంది. నవ్విందో లేదో తెలియలేదు.

ఖాళీ అయిన గుంటల్లో నర్సరీ పిల్లల్ని పెడతాం.
అవి నా భుజం దాకా వచ్చేసరికి
నా భుజం వంగిపోయి ఉంటుంది.

నిన్న రాత్రి ఊదారంగు టార్చితో వెళ్ళాం.
ఈ ఆకుల్ని నమ్ముకుని బతికే పసుపు పురుగొకటుంది,
ఒళ్ళంతా ముళ్ళు, బియ్యపుగింజకి కాస్త అటూ ఇటూ.
ఈ చెట్టు పోతే దానికి వేరే గుమ్మం లేదు.
ఆ వెలుగు పడితే చీకట్లో మెరుస్తుంది,
ఎవరో చితుకుల మంట రేపి
నిప్పురవ్వలు ఆర్పడం మర్చిపోయినట్టు.

తడి కాగితం మీద పెన్ను నడవదు. పెన్సిల్‌తో రాశాను,
నలభై ఒకటి.
సెల్విన్ నలభై అన్నాడు.
"నీదొకటి నీటిబొట్టయి ఉంటుంది."
అయి ఉండొచ్చు.
మబ్బు కాలర్‌లోంచి వీపు మీదికి దిగుతోంది.
బ్యాటరీ ఇంకా సగం ఉంది.
మొదటి ఆకు దగ్గరికి వెళ్ళి
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాం.